మూడంటే మూడే గవరమ్మ

అనగనగా ఒక ఊళ్ళో, కొండ కింద ఒదిగి ఉన్న ఒక చిన్న ఊళ్ళో, గవరమ్మ అని ఒక మేదరావిడ ఉండేది. దుప్పటి సరిగ్గా కప్పుకో అమ్మలూ. ఇందాక లెక్కల పుస్తకం మూలకి విసిరేసి, "గుండ్రాల లెక్కలో వచ్చే ఈ అంకెకి చివరే లేదట, ఎందుకమ్మమ్మా?" అని నన్నడిగావు. నాకు మీ లెక్కలు రావు. గవరమ్మ కథ వచ్చు. దాంట్లో నీ జవాబు దొరికితే తీసుకో, దొరక్కపోతే నిద్రపో.

గవరమ్మ వెదురుతో బుట్టలు, గంపలు, చాటలు అల్లేది. చెయ్యి మంచిది. నోరు మాత్రం వెదురు చీల్చే కత్తికన్నా పదును. సంతలో మూడు బుట్టలు కొన్నవాళ్ళు ఎవరైనా, "కొసరుగా ఆ చిన్న చాట కూడా ఇవ్వరాదా గవరమ్మా" అంటే, "మూడంటే మూడే" అనేది. చేతులు దులుపుకుని అటు తిరిగి కూర్చునేది.

కొసరంటే తెలుసుగా నీకు. వంకాయలు తూచాక నేను రెండు పచ్చిమిరపకాయలు అడిగి సంచిలో వేయించుకుంటానే, మీ అమ్మ సిగ్గుపడి పక్కకి తిరుగుతుందే, అదే.

గవరమ్మ కొసరు పెట్టేది కాదు, ఎవరినీ అడిగేదీ కాదు. అందుకని ఊరంతా ఆవిణ్ణి మూడంటే మూడే గవరమ్మ అనేవారు. మాట మీద నిలబడే మనిషి. అలాంటివాళ్ళంటే నాకిష్టమే, మన పక్కింట్లో లేకపోతే.

ఇప్పుడు విను. బుట్ట అల్లడం అయిపోయాక దాని మూతి చుట్టూ ఒక గట్టి బద్ద కట్టాలి. లేకపోతే అల్లిక విడిపోతుంది. ఆ బద్ద ఎంత పొడుగు కొయ్యాలి? దానికి గవరమ్మ దగ్గర ఒక లెక్కుంది. వాళ్ళత్త చెప్పింది. ఆవిడకి వాళ్ళత్త చెప్పింది. బుట్ట మూతిని ఇటునించి అటు అడ్డంగా కొలువు, దానికి మూడింతలు బద్ద కొయ్యి. అడ్డం జానెడైతే చుట్టు మూడు జానలు. అడ్డం మూరెడైతే చుట్టు మూడు మూరలు.

ఆ బద్ద ఎప్పుడూ చాలేది కాదు. చాలకపోతే గవరమ్మ బద్దని తప్పు పట్టేది కాదు, బుట్ట మూతినే నొక్కి, ముడిచి, బద్దలోకి ఇరికించేది. అందుకని ఆవిడ బుట్టలన్నీ మూతి ముడుచుకుని ఉండేవి. అల్లినావిడ మూతే బుట్టలకీ వచ్చిందని సంతలో నవ్వుకునేవారు. ఆవిడ వినీ విననట్టు ఊరుకునేది.

ఆ తర్వాత ఆవిడ కొడుకు గంగులుకి పెళ్ళయింది. నూకాలు అనే పిల్ల కోడలై వచ్చింది. నూకాలుదీ బుట్టలల్లే ఇల్లే. కాని వాళ్ళ పుట్టింట్లో లెక్కా గిక్కా లేదు. బద్దని బుట్ట చుట్టూ తిప్పి, ఎక్కడ కలిస్తే అక్కడ కోసేస్తారు. గవరమ్మ అది చూసి, "కొలత రానోల్ల పని" అని తేల్చేసింది. అప్పట్నించి బద్దలు అత్త కోసి ఇచ్చేది, కోడలు కట్టేది.

మొదట జానెడు బుట్ట వచ్చింది. గవరమ్మ మూడు జానల బద్ద కోసి ఇచ్చింది. నూకాలుకి మూతి నొక్కడం అలవాటు లేదు, ఉన్నది ఉన్నట్టు కట్టింది. రెండు కొసలూ కలవలేదు. మధ్యలో దాదాపు రెండు వేళ్ళు పట్టేంత సందు. గవరమ్మ చూసి, "వెదురు ఎండి ముడుసుకుపోయింది" అంది.

అప్పుడు మూరెడు గంప వచ్చింది. ఈసారి గవరమ్మ అప్పుడే కొట్టి తెచ్చిన పచ్చి వెదురు తీసి మూడు మూరలు కోసి ఇచ్చింది. నూకాలు కట్టింది. ఈసారి సందు బెత్తెడుంది, దాదాపు నాలుగు వేళ్ళు పట్టేంత. పచ్చి వెదురు ఎండిందనడానికి లేదు. అప్పుడు గవరమ్మ కోడలి మొహంలోకి చూసింది.

"నాను మూడు మూరలూ కొలిసే ఇచ్చినాను. బెత్తెడు ముక్క ఏటి సేసినావే?"

"నాను తియ్యలేదత్తా."

"మరి ముక్కకి కాళ్ళొచ్చినాయా?"

నూకాలు ఏం చెప్తుంది పాపం. తీసి ఉంటే తిరిగి ఇచ్చేది. తియ్యని ముక్కని ఎక్కణ్ణించి తెస్తుంది? చెయ్యని దొంగతనం నెత్తిమీద పెట్టుకుని తిరగడం కన్నా బరువైన గంప లేదమ్మలూ. పిల్ల అన్నం దగ్గర కూర్చుని మెతుకులు లెక్కపెట్టేది. ఆ ఇంట్లో ఎవరూ ఆమెతో నవ్వి మాట్లాడలేదు. గంగులుకి నవ్వాలనే ఉండేది, అమ్మంటే భయం.

ఆ ఏడే కొండ మీద వెదురు పూసింది. వెదురు ఏటేటా పూసేది కాదు. ఎన్నో ఏళ్ళకి ఒక్కసారి పూస్తుంది, పూశాక ఎండి చచ్చిపోతుంది. ఆ పువ్వుల్లోంచి బియ్యంలాంటి గింజలు రాలతాయి. అవి తిని ఎలుకలూ పందికొక్కులూ పుట్టల్లోంచి చీమలు వచ్చినట్టు పెరుగుతాయి. కొండ మీద గింజలు అయిపోయాక ఏం చేస్తాయి? ఊళ్ళోకి దిగుతాయి. ఏదీ లేకపోతే విత్తనాల వడ్లు తింటాయి. విత్తనాలు పోతే వచ్చే ఏడు ఊరికి తిండి లేదు.

అప్పుడు ఊరివాళ్ళందరూ కూర్చుని ఒక మాట అనుకున్నారు. ఇంటింటి విత్తనాలూ ఒకే గాదెలో పోద్దాం. గాదె అంటే మనిషెత్తు పెద్ద వెదురు బుట్ట. దాన్ని నేల మీద పెడితే పందికొక్కు కింద నించి తవ్వుకొస్తుంది. అందుకని గుండ్రటి రాతిపలక చెక్కించి, నాలుగు రాళ్ళ మీద ఎత్తుగా నిలబెట్టి, దాని అంచు చుట్టూ ఒక వెదురు కట్టు బిగించి, ఆ కట్టు మీద నించి గాదె అల్లాలి. కట్టు కొసకి కొస తగలాలి. తగలకపోతే ఆ సందులోంచి పందికొక్కు తిన్నగా లోపలికి పోతుంది.

రాతిపలక అవతలి ఊళ్ళో చెక్కుతున్నారు. ఊరి కొలతతాడంత ఇంకో తాడు కోసి అక్కడికి పంపారు. పలక అడ్డం ఒక బారెడు అని కబురొచ్చింది. బారంటే రెండు చేతులూ బార్లా చాపితే ఎంతో అంత. రాయి రావడానికి ఇంకా టైముంది. వెదురుకి టైము లేదు. అల్లికకి ఇంట్లో ఉన్న బద్దలు సరిపోతాయి, కట్టుకి మాత్రం పచ్చి బొంగు కావాలి. కొండంతా వెతికితే ఒక్క పొదలో ఒక్క పొడుగాటి బొంగు పచ్చగా ఉంది. దాని మొనకి కూడా మొగ్గలొస్తున్నాయి. అది ఎండితే వంగదు, విరుగుతుంది.

ఆ ఊళ్ళో ఇంకో ఆచారం ఉంది. కొండమీద వెదురు కొట్టినవాడు ఎంత కావాలని చెప్పి వెళ్ళాడో అంతే దించాలి. మిగిలిన చివర కొండతల్లికి వదిలెయ్యాలి. పోనీలే అని పొడుగ్గా తెచ్చుకుని ఇంట్లో కోసుకోవడం కుదరదు. అందుకని గవరమ్మని అడిగారు. ఎంత కొట్టాలి?

"అడ్డం బారెడైతే సుట్టు మూడు బారలు" అంది గవరమ్మ. ఆ తర్వాత అందరి ముందూ కోడలి వైపు తిరిగింది. "ఈసారి ముక్క తగ్గిందంటే ఈ పిల్లని పుట్టింటికి పంపించేస్తాను. ఇంట్లో దొంగని పెట్టుకోలేను."

ముక్క తగ్గుతుందని నూకాలుకి తెలుసు. బుట్టకి తగ్గింది, గంపకి తగ్గింది, గాదెకి తగ్గకుండా ఎలా ఉంటుంది? ఎంత తగ్గుతుందో మాత్రం తెలీదు. పుట్టింటి పద్ధతిలో చుట్టి చూద్దామంటే, చుట్టడానికి ఆ రాయి ఇక్కడ లేదు. అత్త లెక్క తప్పు, తన పద్ధతి పనికిరాదు. పిల్ల అరుగు మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. ఏడుపు అయ్యాక మొహం కడుక్కుని, పోయిన ముక్క ఎక్కడికి పోయిందో వెతుకుదామని లేచింది.

మొదట గంప తీసింది. ఒక తాడు దాని మూతి చుట్టూ తిప్పి, కలిసినచోట కోసింది. ఆ తాడుని గంప అడ్డం మీద పరిచి చూసింది. మూడుసార్లు పట్టాక ఒక ముక్క మిగిలింది. సరిగ్గా ఆ బెత్తెడంత ముక్క. ఎవరూ తియ్యలేదు, అది గంప చుట్టూనే ఉంది. నూకాలు ఆ ముక్కని కళ్ళకి అద్దుకుంది.

ఆ తర్వాత తిరగలి రాయి చుట్టూ తాడు తిప్పింది. మూడుసార్లు పట్టాక మళ్ళీ ముక్క మిగిలింది. ఆ తర్వాత చేతి గాజు తీసి దారంతో చుట్టింది. అక్కడా మూడు పోయి ముక్క మిగిలింది. వేలిగోరంత కూడా లేదు, కాని మిగిలింది.

ఆ పిల్లకి ఒక ఆలోచన వచ్చింది. గంప దగ్గర మిగిలిన ముక్కతో గంప అడ్డం కొలిచింది. ఏడు ముక్కలు పట్టింది. తిరగలి ముక్కతో తిరగలి అడ్డం కొలిచింది. ఏడే. గాజు ముక్కతో గాజు అడ్డం కొలిచింది, ఏడే. గాజు ఎక్కడ, తిరగలి ఎక్కడ, అయినా ముగ్గురూ కూడబలుక్కున్నట్టు ఒకే మాట చెప్పారు. గుండ్రటిది ఏదైనా సరే, అడ్డానికి మూడింతలు ఇచ్చాక ఇంకొంచెం కొసరు అడుగుతుంది. ఆ కొసరు అడ్డంలో ఏడో వంతు.

అదీ సంగతి. ఇంక రాయి చూడక్కర్లేదు. బారెడు అని కబురొస్తే చాలు.

నూకాలు పరిగెత్తుకెళ్ళి అత్తకి చెప్పబోయింది. "సుట్టు మూడు కాదత్తా, మూడు మీద కొసరు" అంది. ఏ మాట అన్నా పడేది కాని, కొసరు అన్న మాట గవరమ్మ చెవిన పడకూడదు. "మీ ఇంట్లో కొసర్లుంటాయి, మా ఇంట్లో ఉండవు" అని కత్తి నూరుకుంటూ కూర్చుంది.

మర్నాడు గంగులు కొండెక్కాలి. అమ్మ మూడంటుంది, పెళ్ళాం మూడు మీద కొసరంటుంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. వాడు నెత్తి గోక్కున్నాడు. మగాళ్ళకి అదొక పద్ధతి.

అప్పుడు నూకాలు ఏం చేసిందంటే, కొలతతాడుకి సరిపడా ఒక బారెడు తాడుని ఏడు మడతలు వేసి, ఒక్క మడత కోసింది. ఆ ముక్కతో సద్దిమూట కట్టి మొగుడి చేతికిచ్చింది.

"అత్త సెప్పినట్టే మూడు బారలు కొలు. కొలిసినాక సద్ది తిను. తిన్నాక ఈ తాడంత ఎక్కువెట్టి కొట్టు. కోపమొస్తే నా మీద ఎయ్యి."

గంగులు కొండెక్కాడు. కొలతతాడుతో మూడు బారలు కొలిచాడు. గుర్తు పెట్టాడు. కూర్చుని సద్దన్నం తిన్నాడు. ఖాళీ చేతిలో ఆ తాడు ముక్క మిగిలింది. ఇంట్లో తలొంచుకుని మెతుకులు లెక్కపెట్టే పెళ్ళాం గుర్తొచ్చింది. పోయి పోయి ఆ పిల్ల దొంగెలా అవుతుంది అనుకున్నాడు. ఆ ఆలోచన కాస్త ముందే రావలసింది, సరే, వచ్చింది. కొండతల్లికి దణ్ణం పెట్టి, "మూడు బారలూ, మా ఆడది అడిగిన కొసరూ" అని పైకి చెప్పి, తాడు పెట్టి కొట్టాడు.

రాతిపలక వచ్చిన రోజున ఊరంతా పోగయింది. అందాకా నీళ్ళలో నానేసి ఉంచిన బొంగుని చీల్చి, నిప్పుల మీద కాచి, వంచడానికి సిద్ధం చేశారు. గవరమ్మ కొలతతాడు పెట్టి కొలిచింది. ఒకటి, రెండు, మూడు, అక్కడ బొగ్గుతో గుర్తు పెట్టింది. మూడయ్యాక కూడా బద్ద ఉంది. జానెడు మీద ఇంకో రెండు వేళ్ళు. ఆవిడ మొహం ఎర్రబడింది. కొండకి ఇచ్చిన మాట తప్పారు అంది. కత్తి పైకెత్తింది.

అప్పుడు నూకాలు అత్త చెయ్యి పట్టుకుంది. కాపురానికి వచ్చాక అత్తకి ఎదురు నిలబడడం అదే మొదలు. ఆవిడ విదిలించినా వదల్లేదు.

"కొట్టేస్తే మళ్ళీ అతకదత్తా. ఒకసారి సుట్టి సూడు. సుట్టినాక ఈ జానెడూ మిగిలితే కొట్టేసుకో. నువ్వు పంపక్కర్లేదు, నానే ఎళ్ళిపోతాను."

గవరమ్మ మాట మీద నిలబడే మనిషి అన్నానుగా. పందెం పెట్టినవాళ్ళని కాదనదు. సరే చుట్టండి అంది.

బద్దని రాతిపలక చుట్టూ వంచారు. రాయిని నొక్కడం, ముడవడం గవరమ్మ వల్ల కూడా కాదు కదా. ఇటు కొస ఇటునించి వచ్చింది, అటు కొస అటునించి వచ్చింది. రెండూ దగ్గరికొచ్చి ఒకదాన్నొకటి తగిలాయి. జానెడు లేదు, బెత్తెడు లేదు, వేలెడు కూడా లేదు. ఊళ్ళోవాళ్ళు ఊపిరి వదిలారు.

గవరమ్మ వంగి చూసింది. మూడో బార దగ్గర తను పెట్టిన గుర్తు మీద వేలు పెట్టింది. ఆ గుర్తు దగ్గరే కోసి ఉంటే మిగిలే సందుని చేత్తో తడిమింది. అందులోంచి పందికొక్కు తన పిల్లల్ని వెంటేసుకుని మరీ వెళ్ళచ్చు. ఊరి విత్తనాలన్నీ పోయేవి. చేసినదేమీ లేకుండా ఒక పిల్ల ఇల్లు వదిలి పోయేది.

ఆవిడ కత్తి కింద పెట్టింది. లేచి అందరి ముందే అంది. అందరి ముందు అన్న మాటని అందరి ముందే వెనక్కి తీసుకోవాలి, అది ఆవిడ పద్ధతి.

"ముక్క నువ్వు తియ్యలేదే. మాయత్త లెక్కలోనే లేదు."

నూకాలు ఏడ్చేసింది. ఈసారి వేరే ఏడుపు.

ఆ మధ్యాహ్నం గవరమ్మే వడ్డించింది. కోడలి కంచంలో ఒక గరిటె పెట్టింది. రెండో గరిటె పెట్టింది. మూడో గరిటె పెట్టింది. ఆ ఇంట్లో ఎవరికైనా మూడు గరిటెలే. అప్పుడు కుండలో చెయ్యి పెట్టి ఇంకో గుప్పెడు తీసి కంచం పక్కన పెట్టింది.

"ఇదేటత్తా?" అంది నూకాలు.

"కొసరు. తిను."

ఆ తర్వాత ఎలుకలు దిగాయి, పందికొక్కులు దిగాయి. గాదె చుట్టూ తిరిగాయి, సందు దొరక్క పోయాయి. విత్తనాలు మిగిలాయి. తొలకరికి ఊరంతా నారు పోసింది.

ఒక్క విషయం చెప్పడం మర్చిపోయాను. ఆ రోజున కట్టు కలిసిందన్నానా, సరిగ్గా కలవలేదు. నువ్వుగింజంత ఎక్కువైంది. గవరమ్మ ఊరుకుంటుందా? ఆ నువ్వుగింజంతా చెక్కింది. చెక్కితే వెంట్రుక పట్టేంత సందొచ్చింది. ఏడో వంతు అన్నది దగ్గరి లెక్కే కాని అసలు లెక్క కాదన్నమాట. ఆవిడకి అది మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆ కొసరు అసలు ఎంతో తేల్చాలని పట్టు పట్టింది. పని లేనప్పుడల్లా దారాలతో గుండ్రాలు చుట్టేది. ఏడో వంతుకి వెంట్రుకంత తక్కువ అనేది. ఎంత సన్నం దారంతో కొలిచినా, ఇంకా సన్నగా ఏదో ఒకటి తేడా ఉండేది.

ఒకసారి విసుగొచ్చి కోడల్ని అడిగింది. "ఇది ఎప్పటికి తేల్తాదే? దీనికి సివర లేదేటి?"

నూకాలు బుట్ట అల్లుతూ, తలెత్తకుండానే అంది. "లెక్కకి సివరుంటాది. కొసరుకి సివరేటత్తా? ఇక సాలు అనేస్తే అది కొసరెలగవుద్ది?"

గవరమ్మ చేతిలో దారం పక్కన పెట్టింది. ఆ వారం సంతలో బుట్ట కొన్నవాళ్ళందరికీ ఒక చిన్న చాట చేతిలో పెట్టింది. ఎవరూ అడగలేదు. వాళ్ళకి భయం వేసిందట, ఒంట్లో బాగులేదేమోనని.

అదమ్మలూ. నీ గాజుకీ అంతే, మన నూతికీ అంతే, ఆకాశంలో చందమామకీ అంతే. ఎంత పెద్దదైనా, ఎంత చిన్నదైనా, గుండ్రమైతే చాలు, మూడు మీద అదే కొసరు. మనిషి వెళ్ళి చూడలేనంత దూరంలో ఉన్నదాని చుట్టు కూడా దాంతోనే చెప్తారట. మీ టీచరు దాన్ని పై అంటుందన్నావు. అదేదో వేరే భాషలో అక్షరమట. అయితే అవనీ. మన ఇళ్ళల్లో మూడుకన్నా కాస్త ఎక్కువుంటే మూడు పైచిలుకు అంటాం. నాకు మాత్రం ఆ పై ఈ పైచిలుకులోదే అనిపిస్తుంది. ఈ మాట పరీక్షలో రాయకు, నన్ను తిడతారు.

ఏంటీ, ఇంకో కథా? ఒక్కటంటే ఒక్కటే అన్నాను. అలా చూడకు. సరే, కొసరుగా ఈ పాట విని కళ్ళు మూసుకో.

గాజుకి మూడు, గంపకి మూడు,
గాదె చుట్టూ తిరిగి చూడు.
మూడూ పోతే కొసరు మిగులు,
కొసరు కోస్తే ఇంకా మిగులు.
కథ వెళ్ళింది కంచికి,
కొసరొచ్చింది మన ఇంటికి,
నిద్దరొచ్చింది నీ కంటికి.